గ్యాలరీలో కమ్మీల వైపు జాగ

అన్నకు, వదినకు, అమ్మకు నర్సిములు దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. నేను బాగున్నాను. అమ్మ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? వదిన దగ్గు తగ్గిందా? పిల్లలు ఇంట్లో కూడా మరాఠీయే మాట్లాడుతున్నారని రాశావు. అమ్మతోనైనా తెలుగులో మాట్లాడమను, లేకపోతే ఆమె ఎవరితో మాట్లాడుతుంది? అన్నం తిన్నాక ఈ ఉత్తరం అమ్మకు నెమ్మదిగా చదివి వినిపించు.

నా గురించి బెంగ వద్దు. మారిషస్‌లో కాలం తిరగబడి ఉంటుంది. మీరు దుప్పటి కప్పుకునే రోజుల్లో మాకు చెమటలు. ఇది చిన్న ఊరు, ఒక బజారు, ఒక చర్చి, ఒక గుడి, మిగతాదంతా ఇసుక. బొంబాయిలో గ్రాంట్ రోడ్ దాటి చౌపాటీకి నడిచిపోయి సముద్రం చూసి వచ్చేవాళ్ళం గుర్తుందా, ఇక్కడ సముద్రం గుమ్మం ముందే ఉంది. కానీ ఒక్కడినే ఎంతసేపు చూస్తాను? చేపల పులుసు, అన్నం, పొడుగు రొట్టె దొరుకుతాయి. కడుపు నిండుతుంది. సజ్జరొట్టె, ఎల్లిపాయ కారం మాత్రం కలలోకి వస్తాయి. ఖర్చు రోజూ రాసుకుంటున్నాను, మించలేదు.

ఇక్కడ నేర్పే పడవ ఇంజన్ పనిలో విప్పడం బిగించడం నాకు కష్టం కాదు, అక్కడ డాక్‌లో చూసి చూసి నేర్చుకున్నదే. విప్పినదాన్ని పరీక్షలో కాగితం మీద రాయడమే కష్టం. తరగతిలో అందరూ నాకన్నా చిన్నవాళ్ళు. నన్ను తోంతోం అంటారు, అంటే చిన్నాన్న అట.

ఇక నువ్వు అడిగిన సంగతి. పక్క గది సాయన్న బామ్మర్ది పాలమూరు నుంచి బిల్డింగ్ పనికి వచ్చి ఫుట్‌పాత్ మీద పడుకుంటున్నాడనీ, మన గది ముందు గ్యాలరీలో నేను పడుకునే జాగ అడుగుతున్నాడనీ రాశావు. నేను లేకపోయినా వదిన రోజూ నా చాప పరుస్తోందట. నల్లా దగ్గర సాయన్న, "గాలికి పరుస్తున్నవా వదినె, కిరాయేమన్న ఇస్తదా?" అన్నాడట. "గాలి కాదు, మా మరిది. నీ గురకకు లేచి సముద్రం దాటి పోయిండు," అన్నదట వదిన. చదివి చాలాసేపు నవ్వుకున్నాను.

కానీ ఏడాది దాటి చాప ఖాళీగా ఉంటే జాగ పోయినట్టేనని చాల్‌లో అన్ని గదుల పెద్దలు అన్నారని కూడా రాశావు. వస్తావా రావా, ఒక మాట చెప్పమన్నావు. మాస్టరు ఇంకో ఏడాది ఉండి కొత్తవాళ్ళకు నేర్పమంటున్నాడని నేనే రాశాను కదా, నువ్వు అడగడంలో తప్పు లేదు. జవాబు ఆలస్యమైంది. ఏం రాయాలో నాకే తెలియలేదు.

ఇంతలో ఒకటి జరిగింది. నేను కిరాయికి ఉంటున్న ఇంటి ముసలమ్మ నాకు మంచం, తలుపు ఉన్న గది ఇచ్చింది. తలుపు వేసుకుంటే నాకు నిద్ర రాదు. అందుకని చాప తీసుకుని వరండాలో పడుకోవడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకు ఆమె నాతో మాట మానేసింది. ఒక పొద్దున చాయ్ గ్లాసు నా ముందు పెట్టి, "నేనేం తక్కువ చేశాను బాబూ? కిరాయికున్న మనిషిని బయటకు నెట్టావా అని ఊరంతా అడుగుతున్నారు," అని కళ్ళు తుడుచుకుంది. ఇక్కడ ఇంట్లో కొట్లాడినవాడే బయట పడుకుంటాడట.

నేను మాటకారిని కాదని నీకు తెలుసు. ఆ రోజు చాయ్ చల్లారేదాకా మాట్లాడాను. నాది బొంబాయి హిందీ, ఆమెది భోజ్‌పురీ. గ్యాలరీలో ఎవరి పక్కన ఎవరు పడుకుంటారో, ఎవరు నిద్రలో తిడతారో, నీళ్ళు వచ్చే వేళకు వదిన బిందెతో మా కాళ్ళ మధ్య నుంచి ఎట్లా నడిచిపోతుందో, అన్నీ చెప్పాను. ఆమె నవ్వింది. తర్వాత తన తాత సంగతి చెప్పింది. ఆయన విశాఖ వైపు నుంచి ఓడలో చెరకు పనికి వచ్చాడట, ఆయన తెలుగు మాత్రం ఆమెదాకా రాలేదు. ఓడలో పక్కపక్కన పడుకున్నవాళ్ళు దిగాక కూడా అన్నదమ్ములుగానే బతికారట, వరస కాదని వాళ్ళ పిల్లల మధ్య పెళ్ళిళ్ళు కూడా చేయలేదట. "పక్కన పడుకున్నవాడు పరాయివాడు ఎట్లా అవుతాడు బాబూ?" అంది.

నాన్న పాలమూరు నుంచి మూటతో వచ్చిన రోజు గురించి అమ్మ చెప్పేది కదా. గ్యాలరీలో కాలు పెట్టే చోటు లేకపోతే ఎవరో పడుకునే, "జరుగుండ్రి, మనోడొచ్చిండు," అన్నారని. వాళ్ళు జరిగిన చోటే నాన్న తర్వాత నా జాగ అయింది.

అందుకని సాయన్న బామ్మర్దిని రేపే రమ్మను. పెద్దలకు జాగ ఇచ్చేశామని చెప్పకు, జరిగామని చెప్పు. పరీక్ష కాగానే వెళ్ళిపోతానని మాస్టరుకు చెప్పాను. ఎందుకని అడిగాడు. చాప పరిచి ఉందంటే ఆయనకేం అర్థమవుతుంది, ఇంట్లో పని ఉందన్నాను.

బామ్మర్ది పేరు నువ్వు రాయలేదు. ఈసారి రాయి. సాయన్నకు, గ్యాలరీలో అందరికీ నా నమస్కారాలు చెప్పు. పరీక్ష బాగా రాయాలని అమ్మను దీవించమను.

నీ తమ్ముడు
నర్సిములు

ఇంకొక మాట. ఇద్దరికి ఇరుకే, అయినా సరిపోతుంది. బామ్మర్దిని గోడవైపు పడుకోమను. గ్యాలరీ అంచున కమ్మీల వైపు నాది. వదినను నా చాప అక్కడ సగానికి మడిచి పరవమను. వచ్చి నేనే విప్పుకుంటాను.