గట్టి టీమ్ కావాలంట

బాపూ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నీ ఫోన్ బంద్ చెయ్యబుద్ధి కాలే. ఇబ్రహీంపట్నం కాలేజీల నీ ఫుట్‌బాల్ టీమ్‌ను ఇప్పుడు నేనే ఆడిపిస్తున్న.

టోర్నమెంట్ ముంగట ఏటా సిటీల అందరికంటే గట్టి కాలేజీ మీదికే పిల్లలను తోల్కపోతుంటివి. ఆరు గోల్స్‌తోని ఓడినంక, గెలిచినోళ్లకు మనమే చాయ్ తాపి, మా తప్పు యాడుందని అడగాలె. "అల్కటి టీమ్‌లు దొరకలేవా నీకు?" అని నేను మస్తు కొట్లాడిన.

పొద్దుగాల నీ ఫోన్ మోగింది. ఆ సిటీ కాలేజీ కోచే. నువ్వు లేవని ఆయనకు తెల్వదు. "అన్నా, టోర్నమెంట్ ముంగట మాకు గట్టి టీమ్ కావాలె. మీ పిల్లలను తీస్కొస్తవా?"



"బాపు లేడన్నా. పిల్లలను నేను తోల్కొస్త. చాయ్ మాత్రం ఈసారి మీరే తాపుండ్రి" అని చెప్పిన.