దొర చెయ్యెత్తితే

శ్రీకాళహస్తి,
14-3-1978

బావకు నమస్కారాలు.

నీ డోలు తీసుకుని ఈస్టరు లోపల రావాలి. మన ఏకాంబరం డోలు మొన్న చర్చిలో పగిలింది. కంగారుపడకు, నేనింకా నవ్వుతూనే ఉన్నాను.

జర్మనీ చర్చిల్లో నలభై ఏళ్లు ఆర్గన్ వాయించి, పాటబృందాలను నడిపించిన దొర ఒకాయన ఇక్కడివాళ్లకు పాట నేర్పడానికి వచ్చాడు. గేటు దగ్గర్నుంచి మేళంతో ఆయన్ను లోపలికి తెచ్చి, మేమూ ముందు బెంచీలో కూర్చున్నాం. పాట మొదలుపెట్టించడానికి దొర రెండు చేతులూ పైకెత్తాడు. తాళి కట్టేవేళ అయ్యవారు చెయ్యెత్తితే మనం ఊరుకుంటామా? ఏకాంబరం గట్టిమేళం దంచేశాడు. నేనూ నాగస్వరం అందుకున్నాను! డోలు తోలు చిరిగాకగానీ మాకు తెలివి రాలేదు.

తలలు దించుకుని నిలబడ్డాం. దొర ఏదో అన్నాడు. పాస్టరు నవ్వాపుకోలేక తెలుగులో చెప్పాడు: "నలబై ఏండ్లుగా చెయ్యెత్తతా ఉండాడంట. ఇంత బిరీన అందుకున్నోళ్లని యాడా సూడలేదంటప్పా!"

అప్పట్నుంచి ఎవరు చెయ్యెత్తినా ఏకాంబరం ఉలిక్కిపడుతున్నాడు.

ఈస్టరుతో దొర ఈ పని చాలిస్తాడట. ఆ రోజు పాటలన్నీ అయ్యాక ఆఖరుసారి చెయ్యెత్తుతాడట బావా. అది మనకే.

నీ బావమరిది