ఊపిరి మందుకు మందపు అద్దం

ఆరోగ్యశాఖ అధికారి గారి సముఖమునకు, తమ కార్యాలయం ఎదుట అద్దాల కొట్టు నడుపుకొనువాడు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మత్తుమందు మోతాదు మించి ఊపిరి ఆగినవారి ముక్కులో కొట్టే మందును డాక్టరేగాక దగ్గరున్నవారెవరైనా వాడుటకు అనుమతి కోరుట, మరియు నాకు పంపిన నోటీసుకు సంజాయిషీ.

1. సదరు మందును తమ వసారాలోని అద్దాల బీరువాలో పెట్టి, "అత్యవసర మందు. డాక్టరు తప్ప ఎవరూ తాకరాదు" అని వ్రాయించియున్నారు. సదరు డాక్టరుగారు వారానికి రెండు రోజులు దయచేస్తారు. ఊపిరి ఆగే ముందు వారం చూసుకోవాలన్న ఇంగితం మా తమ్ముడికి లేకపోయింది.

2. గత మంగళవారం వాడు మా కొట్లో పడిపోగా, మా అమ్మ "ఒరేయ్, వీడు ఊపిరి తియ్యట్లేదురా!" అని అరవగా, భుజాన వేసుకొని తెచ్చి తమ వసారాలోని బల్లమీద పడుకోబెట్టితిని. పెదవులు నీలం తిరిగినవి. తమ గుమాస్తాగారు తలెత్తి, "ఆ బల్ల కూర్చోడానికండీ" అన్నారు. మందు అడిగితే, "డాక్టరుగారు ఎల్లుండి వస్తారు" అన్నారు. "ఎల్లుండిదాకా వీడు ఆగుతాడా?" అంటే, "అది మా పరిధి కాదండీ" అన్నారు. బీరువా తాళంచెవి ఆయన జేబులోనే ఉంది.

3. అంతట స్టూలు ఎత్తి బీరువా అద్దం పగలగొట్టితిని. ఆ అద్దం బిగించినవాడిని నేనే. "మందంగా వెయ్యవయ్యా, ఎవడి చెయ్యీ పడకూడదు" అని గుమాస్తాగారు దగ్గరుండి వేయించారు. మూడు దెబ్బలకు గాని పగల్లేదు. నా పనితనం మీద నాకే అసహ్యం వేసింది. మందు ముక్కులో కొట్టాను. దానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు, పెట్టె మీద బొమ్మలున్నాయి. కాసేపటికి వాడు ఊపిరి లాగాడు. అమ్మ నేలమీద కూలబడి ఏడ్చింది. అంబులెన్సు వచ్చేలోపు గుమాస్తాగారు గాజుపెంకులకు పంచనామా పూర్తిచేశారు.

4. "అనర్హ వ్యక్తి మందు వేసినచో రోగికి హాని కలుగవచ్చును" అని నోటీసులో సెలవిచ్చారు. ఊపిరి లేనివాడికి ఇంకా ఏ హాని మిగిలిందో తమ మేధస్సు కొంచెం ఖర్చుపెట్టి తెలియజేయగలరు. అదే గోడకు మంటలార్పే డబ్బా వేలాడుతోంది. దాన్ని ఎవరైనా వాడవచ్చునట. కాగితాలు కాలితే ఎవరైనా ఆర్పవచ్చు, మనిషి ఆరిపోతుంటే మాత్రం డాక్టరు రావాలి. కాగితాల మీద తమకు గల ప్రేమ చూస్తే ముచ్చటేస్తుంది.

5. మావాడు మళ్లీ ఆ జోలికి పోడని నేను ప్రమాణం చెయ్యలేను. చికిత్సకు వెళ్తున్నాడు, నిజమే. ఇదివరకు మధ్యలో మానేశాడు, అదీ నిజమే. నాకు భయంగా ఉందండీ. వాడి గదిలో అలికిడి లేకపోతే తలుపు తోసి గుండెమీద చెయ్యి పెట్టి చూస్తాను.

కావున సదరు మందును ఇంటివారు, కొట్టువారు, బస్సు కండక్టర్లు, చివరికి తమ గుమాస్తాగారు సైతం వాడునట్లు ఉత్తర్వులు జారీచేసి, మా ఇంటికొకటి దయచేయవలెననెడి ఈ మనవిని తీరిక చిక్కినప్పుడు చిత్తగించవలెను. తమ తీరిక కోసం ఎవరి ఊపిరీ కాచుకోదని కూడా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అద్దాల కొట్టు యజమాని
(తమ నోటీసు ప్రకారం "అనర్హ వ్యక్తి")

తా.క.: పగిలిన అద్దాన్ని మునుపటిలాగే మందంగా నేనే వేయాలని తమ ఉత్తర్వు. నిన్న వేశాను. పల్చటిది. మా అమ్మ మోచేత్తో పొడిచినా పగులుతుంది.