వంటింట్లోంచి పలికిన హాజరు

అత్తయ్యా,

వేసవి సెలవులు ఇచ్చిన రోజే ఆయన పోయారు. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో నేను గొంతు విప్పి మాట్లాడలేదని మీకు తెలుసు.

రేపు బడి తెరుస్తారు కదా, ఒకటో తరగతి గది సర్దడానికి వెళ్తున్నాను. మీరు నిద్రలో ఉన్నారని లేపలేదు. వంట చేసి మూత పెట్టాను. మాత్రలు తిన్నాకే వేసుకోండి. పిల్లల బల్లలకు అంటించే పేర్ల అట్టలు మొన్న మీరు చెత్తనుకుని ఊడ్చేశారు. మళ్ళీ కత్తిరించుకున్నాను. నేనేమీ అనుకోలేదు, కొంచెం అనుకున్నాను. మంచం మీదున్న రంగు కాగితాలు కూడా చెత్త కాదు.

ఏటా బడి తెరిచే ముందు కొత్త పిల్లల పేర్లు పైకి చదివేదాన్ని, నోరు తిరగాలని. ఒక్కో పేరుకు ఒక్కో గొంతు మార్చి ఆయన "ఉన్నాను టీచర్" అనేవారు. నిన్న సాయంత్రం మొదటి పేరు దగ్గరే ఆగిపోయాను. రేపు పిల్లల ముందూ నోరు పెగలకపోతే ఏం చేయాలో తోచలేదు. అప్పుడు మీరు వంటింట్లోంచి, "ఉన్నానమ్మా టీచరమ్మా, తర్వాతి పేరు చదువు, నాకవతల పనుంది" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. రెండో పేరు గొంతు దాటింది. మూడోది మామూలుగానే వచ్చింది. అలా పలకడం మీకూ తేలిక కాదని తెలుసు. రాత్రి హాయిగా నిద్రపట్టింది. ఇక పాఠం చెప్పగలననిపిస్తోంది.

చెప్పడం మరిచాను. మీకు ఆవులింతలు వస్తున్నాయని నిన్న మగపిల్లలతో ఆపేశాం. ఆడపిల్లల పేర్లు ఇంకా ఒక్కటీ చదవలేదు.