మీ నాన్న, రెండు జీపీఎస్‌లు

మర్రీ, మంగళవారం

టెగన్ తల్లీ, మేమిద్దరం బాగానే ఉన్నాం, బండికే కాస్త సొట్ట పడింది.

పోర్ట్ అగస్టా షాపాయన రెండు జీపీఎస్‌లిచ్చి, వాడి చూసి నచ్చింది ఉంచుకోమన్నాడు. ఒకటి మా బండిలాంటి ఇల్లుబండ్లది, అంటే మోటర్‌హోమ్‌లది. బండి ఎత్తూ బరువూ చెబితే చాలు, తారురోడ్డు దిగనివ్వదు. రెండోది మట్టిదారులది, పశువులు నడిచిన జాడని కూడా దారే అంటుంది. మీ నాన్న రెండింటినీ అద్దానికి అంటించాడు. అవి పోట్లాడుకుంటుంటే నా మాట వినేదెవరు? నిన్న రెండోదాన్ని నమ్మి ఎండిన వాగులో దిగబడ్డాం. ట్రాక్టరుతో బయటికి లాగిన ఆసామి, "పెట్టె చెప్పింది సరేనయ్యా, నీ కళ్ళెక్కడ పెట్టుకున్నావ్?" అన్నాడు. అప్పట్నుంచి ఈయన ఒకచోట కూర్చోడు, నన్ను కూర్చోనివ్వడు.

నీకిచ్చిన నా నిమ్మకుండీకి నీళ్ళు పోస్తున్నావా? నా మోకాలి మందు అలిస్ స్ప్రింగ్స్ పోస్టాఫీసుకి పంపు.

ఇక్కడిదాకా రాసి, వెనక్కిచ్చేద్దామని ఆ రెండోదాన్ని ఊడదీశాను. అందులో 'మీ ఇల్లు' అన్నచోట మీ నాన్న నీ అడ్రసు పెట్టాడు. ఉన్న ఇల్లు అమ్మే కదా ఈ బండి కొన్నాం! ఉత్తరదిక్కుకి, అలిస్ స్ప్రింగ్స్‌కి పోతున్నామని నాతో అంటూనే, నిన్న నొక్కింది ఇంటికి పోయే బటన్. అడ్డదారిన నీ దగ్గరికి బయల్దేరాడన్నమాట.

అడిగితే, "పనిచేస్తుందో లేదో చూశానంతే, గ్లెనిస్" అని మొహం తిప్పుకున్నాడు.

మందు పంపకు. గరాజు ముందు చోటు ఖాళీ చెయ్యమని అల్లుడితో చెప్పు. పసిదానికి ముద్దులు. ఎప్పుడొస్తున్నారని మాత్రం మీ నాన్నని అడక్కు, ఉత్తరదిక్కుకే పోతున్నామంటాడు.

అమ్మ