మానిటర్ వాపస్ ఇయ్యకు

సిద్దార్థన్నా,

మానిటర్ ఖరాబైందని షాపుల వాపస్ ఇయ్యకు. నిన్న రాత్రి నేనే నడిపించిన. లాప్‌టాప్‌కు ఒక్క తీరుగ ఉండే పోర్టులు రెండున్నయి. నువ్వు వైరు పెట్టింది ఉత్త చార్జింగ్‌ది. మెరుపు గుర్తున్న థండర్‌బోల్ట్ పోర్టుల పెడితే బొమ్మ వచ్చింది. ఆ వైరు పీకకు.

"కంప్యూటర్ల నక్షలు గీసే పని నీతోని కాదు, అవ్వ పక్కన కూసోని బీడీలు చెయ్" అన్నవ్ నిన్న. బీడీలు చేసుడు నామోషీ కాదు, అవ్వ మనిద్దర్ని దాంతోనే సదివించింది. నాతోని కాదన్నదే నేను ఒప్పుకోను. ఒక స్క్రీన్ల సర్వే ఫొటో, ఇంకోదాంట్ల నక్ష పెట్టుకొని తెల్లారేదాంక మన లింగంపేట పొలాలు గీసిన. అవి చూపియ్యనీకె కామారెడ్డిల నక్షలు గీసే ఆఫీసుకు పోతున్న. కొలువు తీసుకొనే వస్త.

సాయిలత

చారు వేడి చేసుకొని తిను. కోపమొస్తే సాయంత్రం నామీద తీర్చుకో, అవ్వ మీద కాదు.