ఉప్పు ఎక్కడుందో నాకు తెలుసు

నేనూ క్షేమమే, నీ పొయ్యీ క్షేమమే. నేను పస్తులుంటున్నానని బెంగపడి పసిబిడ్డనూ అమ్మాయినీ వదిలి పరిగెత్తుకు రావద్దు.

ఇన్నేళ్లుగా నేను పేపర్లలోంచి కత్తిరించి దాచుకున్న వంటల ముక్కలు చూసి 'కాగితాలు కడుపు నింపుతాయా?' అనేదానివిగా? నింపాయి! వంటింటిని మా లైబ్రరీలా సర్దేశాను. ప్రతి డబ్బాకూ పేరు చీటీ అంటించి, అన్నిటినీ అకారాది క్రమంలో పెట్టాను. పొయ్యి వెలిగించకముందే కావలసినవన్నీ గిన్నెల్లో వరసగా అమర్చుకుంటున్నాను. నిన్న గుమ్మడికాయ, వేరుశనగలు కలిపి కొత్త కూర వండాను. పాపం ఒంటరివాడినని జాలిపడి గిన్నెతో వచ్చిన పక్కింటావిడ నా కూర రుచి చూసి, "అన్నయ్యగారూ, నిజం చెప్పండి, ఇది వదిన చేసిపెట్టి వెళ్ళిందే కదూ?" అంది. నువ్వు వెళ్ళి మూడు వారాలైందని గుర్తు చేశాను. మారు వడ్డించుకుని, ఎలా వండాలో రాసుకుని మరీ వెళ్ళింది!

మూత బిగుసుకుపోయిన ఆ నల్ల డబ్బాలో ఏముంది? పేరు తెలియక చివర పెట్టాను. మన పెద్ద జల్లెడ అమ్మాయి దగ్గరుంటే వచ్చేటప్పుడు పట్టుకురా.

మనవరాలికి తాతయ్య ముద్దులు. ముప్పై ఏళ్లుగా గుమ్మంలో నిలబడి "ఉప్పెక్కడే?" అని అడిగింది నేను. ఇక వచ్చాక నువ్వడగాలి. ఇంగువ పక్కనుందని చెబుతాను.